తట్టు టీకా వద్దంటున్నారు, మా ఆయనకు చెప్పకుండా వేయించేయనా?

ప్రశ్న: మాది కొత్తగూడెం దగ్గర. పాపకు పది నెలలు నిండాయి. మూడున్నర నెలల దాకా టీకాలన్నీ టైముకే వేయించాం. మూడున్నర నెలల టీకా వేసిన రాత్రి పాపకు 102 జ్వరం వచ్చింది, తొడ రాయిలా గట్టిపడింది, నాలుగు గంటలు గుక్కపట్టి ఏడ్చింది, ఎత్తుకున్నా పాలిచ్చినా ఊరుకోలేదు. మర్నాటికి తగ్గిపోయింది. కానీ ఆ రాత్రి నుంచి మా ఆయన ఇక ఏ టీకా వద్దంటున్నారు. డాలస్‌లో ఉండే మా మరిది, తొమ్మిదో నెల టీకాతో ఆటిజం వస్తుందని వీడియోలు పంపిస్తుంటాడు. భద్రాచలం హాస్టల్ ఆడపిల్లల సంగతి మర్చిపోయావా అంటారు మా ఆయన. మా అత్తగారేమో తట్టు అందరికీ పోసేదే, మేమంతా టీకాల్లేకుండానే పెరిగాం అంటారు. చుట్టుపక్కల పిల్లలందరికీ వేశారు కదా, మన పాపకు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది ఇంకో మాట. ఏఎన్ఎం అక్క రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్లిపోయింది. మా ఆయన చెడ్డవారు కాదు మేడం, పాపంటే ప్రాణం. ఆయన డ్యూటీకి వెళ్లినప్పుడు నేనే తీసుకెళ్లి వేయించేయనా?

సమాధానం:

అమ్మా, మీరు చివర అడిగినదానికే ముందు చెప్తాను. టీకా వేయించాలి, కానీ దొంగచాటుగా వద్దు. ఎందుకు వేయించాలి, ఎందుకు చాటుగా వద్దు అన్నవి రెండూ కాస్త వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదవండి, వీలైతే మీ ఆయన పక్కన కూర్చుని చదవండి.

మీ ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నాలుగు గంటలు ఆపకుండా ఏడుస్తున్న పసిబిడ్డను భుజాన వేసుకుని తిరిగిన తండ్రికి పొద్దున్నే ఎవరో వచ్చి "ఏం కాదులే" అంటే కోపమే వస్తుంది. ఆ రాత్రి అసలు ఏం జరిగిందంటే, మూడున్నర నెలలప్పుడు వేసే ఐదు జబ్బుల టీకాలో కోరింత దగ్గు క్రిమిని మొత్తంగా చంపి పెడతారు, దాంతో జ్వరం రావడం, తొడ గట్టిపడడం సుమారు సగం మంది పిల్లల్లో ఉంటుంది, కొద్దిమంది మూడు గంటలకు మించి ఆపకుండా ఏడుస్తారు. చూడడానికి ఘోరంగా ఉంటుంది గానీ దానివల్ల తర్వాత బిడ్డకు ఏ లోటూ మిగలదు. ఇది డాక్టర్లకు తెలియని విషయం కాదు, దశాబ్దాలుగా పుస్తకాల్లో ఉన్నదే. ఆ రోజు టీకా వేసినవాళ్లు "ఈ రాత్రి జ్వరం రావచ్చు, గట్టిగా ఏడవచ్చు, ఈ మందు ఇంత వేయండి" అని మీకు ఒక్క మాట చెప్పి పంపి ఉంటే ఈ ఉత్తరం రాసే పని మీకు పడేది కాదని నాకు గట్టి నమ్మకం. తప్పు మీ ఆయనది కాదు, ఆ మాట చెప్పకుండా పంపినవాళ్లది.

ఇక మీ ఇంట్లో ఎవరికీ తెలియనట్టున్న విషయం ఒకటుంది. తొమ్మిదో నెలలో వేసేది ఆ టీకా కాదు. తట్టు-రుబెల్లా టీకాలో కోరింత దగ్గు క్రిమి ఉండదు, ఆ రాత్రి లాంటి రాత్రిని మళ్లీ తెచ్చేది దీన్లో లేదు. ఇందులో ఉండేది బాగా నీరసపరిచిన తట్టు వైరస్, రుబెల్లా వైరస్. దీనితో కొద్దిమందికి జ్వరం, ఒంటి మీద పలచగా దద్దుర్లు వస్తాయి, అవి కూడా ఆ రోజు కాదు, ఏడో రోజు నుంచి పన్నెండో రోజు మధ్య, ఎందుకంటే ఆ నీరసపు వైరస్ ఒంట్లో పెరగడానికి అంత టైము పడుతుంది. ఈ రకం టీకా వేసిన మూడు నాలుగు వేల మంది పిల్లల్లో ఒకరికి జ్వరంతో పాటు ఫిట్స్ రావచ్చు, అది చూస్తే గుండె ఆగినంత పనవుతుంది గానీ మెదడుకు హాని చెయ్యదు. ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ సుమారు పది లక్షల్లో ఒకరికి. అది వస్తే సాధారణంగా వేసిన కొద్దిసేపట్లోనే వస్తుంది, దాన్ని ఆపే ఇంజెక్షన్ ఉంటుంది, అందుకే అరగంట అక్కడే కూర్చోమనేది. చాలామంది పది నిమిషాలకే లేచి బండెక్కేస్తారు. మీరు అలా వెళ్లొద్దు.

ఇప్పుడు తట్టు గురించి. మీ అత్తగారు చెప్పింది ఒక రకంగా నిజమే, టీకా రాకముందు తట్టు దాదాపు అందరికీ వచ్చేది. అందరికీ వచ్చేది కాబట్టి చిన్న జబ్బు అనుకోవడంలోనే మోసపోతున్నాం. నేను పిల్లల వైద్యం చదివే రోజుల్లో, 1985 కంటే ముందు, ఈ టీకా ఇంకా మన దేశపు సర్కారు టీకాల పట్టికలోకే రాలేదు. ఎండాకాలం వస్తే వార్డు తట్టు పిల్లలతో నిండిపోయేది, ఒక మంచానికి ఇద్దరేసి. కళ్లు ఎర్రగా పుసులు కట్టి తెరవలేకపోయేవాళ్లు, నోరంతా పుండ్లు పడి చుక్క నీళ్లు మింగలేకపోయేవాళ్లు, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకునేవాళ్లు. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి, మందు వేస్తే తల్లికి కోపమొస్తుందని వారం రోజులు ఇంట్లోనే ఉంచుకుని, ఆయాసం ఎక్కువయ్యాక ఎడ్లబండి మీదో బస్సులోనో తెచ్చేవాళ్లు. ఆ తల్లుల్ని నేనెప్పుడూ తప్పు పట్టలేదు, వాళ్లకు తెలిసిన వైద్యం అదే. చాలామంది పిల్లలు బతికి ఇంటికెళ్లేవాళ్లు. కానీ నెలా రెండు నెలలకు అదే పిల్లలు విరేచనాలతో, మళ్లీ నిమ్ముతో, క్షయతో, సగం బరువుకు పడిపోయి తిరిగొచ్చేవాళ్లు. ఎందుకలా అని అప్పట్లో మాకు సరిగ్గా అర్థమయ్యేది కాదు. తట్టు వైరస్ ఒంట్లో అంతకుముందు జబ్బుల మీద కూడబెట్టుకున్న రక్షణను చెరిపేస్తుందని, కొందరిలో పదకొండు శాతం, మరికొందరిలో డెబ్బై మూడు శాతం దాకా కూడా పోతుందని 2019లో వచ్చిన పరిశోధనలో తేలింది. అంటే మీ పాపకు ఇప్పటిదాకా జలుబులూ దగ్గులూ భరించి వచ్చిన రక్షణలో చాలా భాగం ఒక్క తట్టుతో తుడిచిపెట్టుకుపోవచ్చు.

ఇంకొకటి చెప్పాలి, చెప్పడం కష్టంగానే ఉంటుంది. ఐదో తరగతి చదివే ఒక బాబు, చురుకైన పిల్లాడు, ఉన్నట్టుండి చేతిలో పలక జారవిడవడం, చదివింది మర్చిపోవడం, నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఒళ్లు ఉలిక్కిపడి కింద పడడం మొదలైంది. బళ్లో కొట్టారు, ఇంట్లో దిష్టి తీశారు. మా దగ్గరికి వచ్చేసరికి మాట తగ్గిపోయింది. తల్లిని అడిగితే, పది నెలలప్పుడు తట్టు పోసింది, వారంలో తగ్గిపోయింది అంది. తగ్గలేదమ్మా. వైరస్ మెదడులో దాక్కుని అన్నేళ్లు కూర్చుంది. ఇది అరుదైన జబ్బే, కానీ రెండేళ్లలోపు తట్టు వచ్చినవాళ్లలోనే ఎక్కువ, దీన్ని నయం చేసే మందు ఇప్పటికీ లేదు. ఆ బాబు రెండేళ్లు కూడా బతకలేదు. మీ పాప వయసు కూడా పది నెలలని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ బాబే.

మీ ఆయన ఆ రాత్రిని కళ్లారా చూశారు, తట్టును చూడలేదు. అందుకే ఆయనకు టీకా పెద్ద ప్రమాదంలా, తట్టు మాటవరసకు చెప్పే పేరులా కనిపిస్తున్నాయి. తట్టు సోకిన ప్రతి ఇరవై మంది పిల్లల్లో సుమారు ఒకరికి నిమ్ము వస్తుంది, వెయ్యిలో ఒకరికి మెదడు వాస్తుంది, మంచి ఆస్పత్రులున్న దేశాల్లో కూడా వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురు చనిపోతారు. పక్కనే టీకా లెక్క పెట్టి చూడమనండి, పది లక్షల్లో ఒకరు.

మీ అత్తగారిని ఎదిరించి మాట్లాడొద్దు. భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చున్నప్పుడు, అత్తమ్మా, మీ అమ్మమ్మకు ఎంతమంది పుట్టారు, ఎంతమంది దక్కారు అని అడగండి. మన ఊళ్లలో పెంటయ్య, పుల్లయ్య, పెంటమ్మ అన్న పేర్లు ఎందుకు వచ్చాయో ఆమెకు మనకంటే బాగా తెలుసు. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో, పుట్టిన బిడ్డను పెంట మీద పెట్టి తెచ్చుకుని, ఇది ఎవరికీ అక్కర్లేని బిడ్డ, దీన్నైనా వదిలెయ్యమని దేవుణ్ని మొక్కుకుని పెట్టుకున్న పేర్లు అవి. "మేమంతా పెరిగాం" అనగలిగేది పెరిగినవాళ్లే.

చుట్టుపక్కల అందరికీ వేశారు కదా అన్న మాట. వేరే కొన్ని జబ్బుల విషయంలో ఈ ధీమా కొంత పనిచేస్తుందేమో, తట్టు దగ్గర పనిచెయ్యదు. ఒక తట్టు రోగి, రక్షణ లేనివాళ్లలో ఉంటే, పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటిస్తాడు. వాడు దగ్గి వెళ్లిపోయిన గదిలో రెండు గంటల దాకా వైరస్ గాల్లో ఉంటుంది. దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటిస్తాడు కాబట్టి, జాగ్రత్త పడదామన్నా ఎవరి నుంచి జాగ్రత్త పడాలో తెలియదు. నూటికి తొంభై ఐదు మందికి రెండు డోసులు పడితే గానీ ఒక ఊళ్లో తట్టు ఆగదు. పైగా వద్దనేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో చోట ఉండరు, ఒక ఇంట్లో మాట పక్కింటికి పాకి ఒకే వీధిలో పోగవుతారు. 2022 చివర్లో ముంబయి గోవండిలో తట్టు వచ్చి పిల్లలు చనిపోయింది ఇలా టీకాలు పడని పిల్లలు ఎక్కువగా ఉన్న బస్తీల్లోనే. మీ వీధిలో ఐదారు నెలల బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు ఇంకా టీకా వేసే వయసు రాలేదు, ఆ బిడ్డను కాపాడాల్సింది మీ పాపకు వేసే టీకానే.

మీ మరిది ఉండే టెక్సస్‌లోనే 2025 జనవరి చివర్లో తట్టు మొదలైంది. డాలస్‌కు చాలా దూరంగా, పశ్చిమాన గెయిన్స్ కౌంటీలో, టీకాలు వద్దనుకున్న కుటుంబాలు ఎక్కువగా ఉన్న చోట. ఆగస్టులో ఆగిందని ప్రకటించేనాటికి ఆ రాష్ట్రంలో 762 మందికి వచ్చింది, ఇద్దరు బడి ఈడు పిల్లలు చనిపోయారు, ఇద్దరికీ టీకా లేదు, ఇద్దరికీ అంతకుముందు ఏ జబ్బూ లేదు. అంత డబ్బూ అన్ని ఐసీయూలూ ఉన్న దేశం అది. ఈ సంగతి కూడా మీ మరిదిని అడగమని మీ ఆయనకు చెప్పండి.

ఆటిజం విషయం. ఈ మాట పుట్టింది 1998లో, ఇంగ్లండులో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో. మొత్తం పన్నెండు మంది పిల్లల మీద. తర్వాత విచారణ చేస్తే పిల్లల వివరాలు మార్చి రాశాడని, టీకా కంపెనీల మీద కేసు వేస్తున్న లాయర్ల దగ్గర డబ్బు తీసుకున్నాడని బయటపడింది. 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది ఆయన పేరును డాక్టర్ల రిజిస్టరు నుంచి కొట్టేశారు. డెన్మార్కులో 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2019లో చెప్పింది ఏమిటంటే, టీకా వేసినవాళ్లలో వెయ్యనివాళ్ల కంటే ఆటిజం ఎక్కువ లేదని. మరి అంతమంది తల్లులు టీకా తర్వాతే మొదలైందని ఎందుకంటారు? పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం లాంటివి ఇంట్లోవాళ్ల కంటపడేది ఏడాది, ఏడాదిన్నర వయసులో. ఆ దేశాల్లో ఈ రకం టీకా వేసేదీ అదే వయసులో. ఆ తల్లులు అబద్ధం చెప్పట్లేదు, రెండూ ఒకే టైముకు వచ్చాయి, అంతే.

భద్రాచలం సంగతి మాత్రం నేను దాటెయ్యలేను, మీ ఆయన అడిగినవాటిలో అన్నిటికంటే న్యాయమైన ప్రశ్న అది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను పాత్ అనే అమెరికా సంస్థ మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌తో కలిసి ప్రయోగంగా వేసింది. అందులో హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. తల్లిదండ్రుల్ని అడగకుండా హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. ఇక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయిన వార్త బయటికొచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగులమందు, మలేరియా లాంటివి కారణాలుగా తేలాయి, విచారణలో టీకా వల్ల అని తేలలేదు. కానీ ఆ పిల్లల తల్లిదండ్రుల్ని అడగకపోవడం పెద్ద తప్పు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది కూడా. మీ జిల్లా మనిషికి ఆ కోపం ఉండడంలో నాకు ఆశ్చర్యం లేదు. ఒక్కటే చెప్తాను. అక్కడ జరిగిన అన్యాయం, అడగకుండా చెయ్యడం. ఇప్పుడు ఏఎన్ఎం అక్క మీ గుమ్మం ముందుకొచ్చి అడిగింది, వద్దంటే వెళ్లిపోయింది, మళ్లీ వచ్చి అడిగింది. ఇది ప్రయోగం కూడా కాదు, ఇందులోని తట్టు టీకా మన దేశంలోనే దాదాపు నలభై ఏళ్లుగా కోట్ల మంది పిల్లలకు పడినదే.

టీకా కేంద్రాల్లో మనుషులు చేసే పొరపాట్లు ఉంటాయా అంటే ఉంటాయి. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకాలు వేశాక జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వబోయి ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు బిళ్లలు ఇవ్వడంతో పసిపిల్లలు చనిపోయారు. 2018లో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో నర్సులు టీకా పొడిని నీళ్లకు బదులు కండరాలను స్తంభింపజేసే మత్తుమందుతో కలిపి వేసి ఇద్దరు బిడ్డల్ని పోగొట్టారు. రెండు చోట్లా చంపింది టీకా కాదు. కానీ సమోవాలో తర్వాత జరిగింది వినండి. ప్రభుత్వం కొన్ని నెలలు టీకాలే ఆపేసింది, జనం భయపడి తిరిగి రాలేదు, తట్టు టీకా పడిన పిల్లలు మూడో వంతుకు పడిపోయారు. 2019 చివర్లో తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో 83 మంది చనిపోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపువాళ్లే. టీకా లేని పిల్లలున్న ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమని ప్రభుత్వం చెప్పింది, టీకా బృందాలు ఆ గుడ్డలు చూసుకుంటూ వీధివీధీ తిరిగాయి. ఇద్దరు బిడ్డలకు జరిగినదానికి ఎవరి గుండె మండదు? కానీ ఆ భయం మూల్యం ఇంకా ఎనభై మూడు ప్రాణాలు.

కాబట్టి మీ ఆయన భయాన్ని పారేయమనకుండా దాన్నే పనికొచ్చేలా వాడుకోండి. ఆయన్నే వెంటబెట్టుకు వెళ్లండి. ఏ టీకా వేస్తున్నారు, సీసా మీద తేదీ ఏమిటి, ఎప్పుడు తెరిచారు అని ఆయన్నే అడగమనండి. తట్టు టీకా సీసా కలిపాక నాలుగు గంటల్లోపే వాడాలి, ఆ టైము సీసా మీద రాసి ఉండాలి. విడి బిళ్లలు చేతిలో పెడితే తీసుకోవద్దు, పేరు కనిపించే సీసానో పట్టీనో అడగండి. పారాసెటమాల్ కిలో బరువుకు పదిహేను మిల్లీగ్రాముల లెక్కన డాక్టర్‌తో కొలిపించుకుని రాయించుకోండి, ఎందుకంటే చుక్కల మందు, సిరప్ రెండింటిలో బలం వేరు, చుక్కల మందును సిరప్ కొలతతో పోస్తే చాలా ఎక్కువైపోతుంది. మూడున్నర నెలల టీకాకు ఏమైందో కార్డు చూపించి మొత్తం చెప్పండి. ఒకటిన్నర ఏడాదికి వేసే బూస్టర్‌లో కోరింత దగ్గు భాగం మళ్లీ ఉంటుంది, దానికి ప్రైవేటులో నొప్పి తక్కువ టీకా అని దొరికేది వేయించుకోవచ్చు, జ్వరం తక్కువ వస్తుంది, డబ్బు అవుతుంది, రక్షణ కొంచెం త్వరగా తగ్గుతుంది. అది ఇష్టం లేకపోతే సర్కారుదే వేయించండి, బూస్టర్ మాత్రం మానొద్దు. ఆ బూస్టర్ కంఠసర్పిని (డిఫ్తీరియా) కూడా ఆపుతుంది. హైదరాబాద్‌లో కోరంటి దవాఖానాకు (నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి) ఆ జబ్బుతో వచ్చే పిల్లల్లో బడి ఈడువాళ్లు చాలామంది ఉంటారు, చిన్నప్పుడు వేసిన రక్షణ తగ్గిపోయి, బూస్టర్లు పడనివాళ్లు.

మీరు రెండో కాన్పు అనుకుంటుంటే ఇంకో మాట. ఈ టీకా ఆపే రెండో జబ్బు రుబెల్లా. అది పిల్లలకు పెద్దగా ఏమీ చెయ్యదు, కానీ జబ్బు వచ్చిన పాప నుంచి మీకు అంటి, అది గర్భం మొదటి మూడు నెలల్లో అయితే, పుట్టబోయే బిడ్డకు చెవుడు, కంటిలో శుక్లాలు, గుండె జబ్బు రావచ్చు.

ఇక చాటుగా ఎందుకు వద్దన్నానో. ఎనిమిదో రోజు పాపకు జ్వరం వస్తే మీరు ఎవరికీ కారణం చెప్పలేరు, డాక్టర్ దగ్గర కూడా తడబడతారు. టీకాతో సంబంధం లేని జలుబు వచ్చినా, తర్వాత నిజం తెలిసిన రోజు ఆయన దాన్ని టీకాకే అంటగడతారు, అప్పుడు రెండో డోసు గానీ బూస్టర్ గానీ వేయించడం మీ తరం కాదు. ఒక్క డోసుతో అందరికీ రక్షణ రాదు, పాపకు పదహారు నెలలు నిండాక రెండోది కావాలి, అంటే ఆయన మీతో ఉండాలి. అలాగని ఎన్నాళ్లైనా ఆగమని చెప్పను. ఈ టీకాకు ఏడాదిలోపు సరైన సమయం, మీకింకా రెండు నెలలు ఉంది. ఈ రెండు వారాలు మాట్లాడండి, పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి ఆయన్ను ఒకసారి టీకా కోసం కాకుండా ప్రశ్నల కోసమే తీసుకెళ్లండి. అప్పటికీ వద్దంటే, మొహం మీదే చెప్పి వెళ్లండి, "ఫలానా బుధవారం తీసుకెళ్తున్నాను, మీరు కూడా వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది" అని. తల్లి తీసుకెళ్తే వేస్తారు, తండ్రి సంతకం ఎవరూ అడగరు. ఆయన చేయి చేసుకునే మనిషి కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది, అలాంటి ఇల్లయితే నేను వేరే సలహా ఇచ్చేదాన్ని.

టీకాలు బుధవారం, శనివారం ఉంటాయి. కొద్దిగా జలుబు ఉన్నా వేయించవచ్చు. అదే రోజు పోలియో సూది, నిమ్ము టీకా బూస్టర్ కూడా ఉంటాయి, విటమిన్ ఎ మందు పోస్తారు, కొన్ని జిల్లాల్లో మెదడువాపు టీకా కూడా. ఒకే రోజు ఇన్నా అని కంగారు పడొద్దు, కలిపి వేసినా ఇబ్బంది లేదు. ఇంటికొచ్చాక గోడ కేలండర్ మీద ఏడో రోజు నుంచి పన్నెండో రోజు దాకా పెన్నుతో గీత గీసి, పక్కన "జ్వరం రావచ్చు" అని మీ ఆయన చేతే రాయించండి.